ఎడమ తలుపు మీది గీత

ఆ ఆదివారానికి లైబ్రేరియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఒక బకెట్టు నీళ్ళతో అత్తగారి కారు కడగాలి, పొడిగుడ్డతో తుడవాలి, మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తీయాలి, నాలుగింటికి అత్తమామలు ఊరినుంచి దిగగానే తాళంచెవి చేతిలో పెట్టి బుద్ధిమంతుడిలా నిలబడాలి. ఇందులో కష్టమైన భాగం ఆ చివరిదొక్కటే. మిగతావి ఎవరైనా చేయగలరు.

ఎందుకంటే పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో అత్తగారు అతని చేతికి ఒక విలువైన వస్తువు అప్పగించడం ఇదే మొదటిసారి. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. పెళ్ళయిన కొత్తలో అల్లుడు సరదాపడి వాళ్ళింటి గోడగడియారానికి కీ ఇవ్వబోయాడు. ఇచ్చిన తర్వాత కీ అతని చేతిలో ఉంది, గడియారం నేలమీద ఉంది. అప్పటినుంచి ఆవిడ దృష్టిలో అల్లుడు మంచివాడే గాని, వస్తువులకు కాస్త దూరంగా నిలబెట్టవలసిన మంచివాడు. అలాంటి ఆవిడ పది రోజుల కిందట ఊరెళుతూ, పద్దెనిమిదేళ్ళుగా కన్నబిడ్డలా చూసుకుంటున్న ముదురెరుపు కారును స్వయంగా తోలుకొచ్చి, వీళ్ళింటి ఆవరణలో గోడకు ఆనించినట్టు పెట్టి, "బాబూ, జాగ్రత్త" అని ఒక్కమాట అని వెళ్ళిపోయారు.

మొన్న ఫోన్లో కూతురితో ఇంకోమాట కూడా అన్నారు. "కారు మీకే ఇచ్చేద్దామని ఉందే. ముందు వచ్చి ఒకసారి చూడాలి దాన్ని. చూశాక చెబుతాను."

లైబ్రేరియన్ రోజూ రెండు బస్సులు మారి, గంటన్నర నిలబడి పనికి వెళతాడు. ఆ ఫోను వచ్చిన దగ్గరనుంచి బస్సులో నిలబడి కూడా కూర్చున్నట్టే అనిపించింది అతనికి. "చూశాక అంటే పరీక్ష అన్నమాట" అన్నాడు భార్యతో. "మరి? పదిరోజులు నువ్వెలా ఉంచావో చూస్తుంది. మా అమ్మ సంగతి తెలియంది కాదుగా" అందామె. కోపం వచ్చినా ప్రేమ వచ్చినా ఆమెకు మొగుడు 'నువ్వు' అయిపోతాడు. మిగతా వేళల్లో 'మీరే'.

అలా ఉండగా, ఆదివారం ఉదయం ఎనిమిదింటికి, కారును గోడ పక్కనుంచి ముందుకు జరిపి, చేత్తో స్పాంజి పట్టుకుని చుట్టూ తిరిగిన లైబ్రేరియన్ ఎడమ వెనక తలుపు దగ్గర ఆగిపోయాడు. తలుపు మీద తెల్లగా, జానెడు పొడవున, ఒక గీత.

స్పాంజి బకెట్లో పడింది. అతను ఈ పదిరోజుల్లో కారు తీసింది రెండేసార్లు. రెండుసార్లూ లైబ్రరీ వెనక, వేరే బండి కంటికి కూడా కనబడని మూల చూసి పెట్టాడు. ఎక్కేది కుడివైపు, దిగేది కుడివైపు. ఎడమవైపు చూసిన పాపాన పోలేదు. ఎవడో గీకేశాడు, తను కాపలా కాయలేకపోయాడు. గడియారం పక్కన ఇప్పుడు కారు కూడా చేరింది.

"ఉన్నమాట చెప్పేయండి" అంది భార్య, వచ్చి చూసి.

"చెబితే?"

"కారు రాదు."

"చెప్పకపోతే?"

"కనబడుతుంది. అప్పుడూ రాదు."

"కనబడకపోతే?" అన్నాడు లైబ్రేరియన్. తొమ్మిదింటికి మోటారు సామాన్ల కొట్టు తలుపు తీసేసరికి, కొట్టాయనకంటే ముందు గుమ్మంలో ఉన్నాడు.

అక్కడ గోడ నిండా డబ్బాలే. అతను వృత్తిధర్మం కొద్దీ మొదటి అరనుంచి వరసగా చదవడం మొదలుపెట్టాడు. మూడో అరకు వచ్చేసరికి కొట్టాయనకు జాలేసింది. "సార్, ఇవన్నీ చదివితే మీ కారు పాతబడిపోద్ది. నేను చెబుతా వినండి. ఇది పాలిష్. ఇది పైపొరని వెంట్రుకవాసి గీకి నున్నగా చేస్తుంది. ఇది వ్యాక్స్, అంటే మైనం. ఇది గీకదు, కప్పుతుంది. ముందు పాలిష్, ఆ తర్వాతే మైనం. తిరగేశారనుకోండి, మీరు పూసిన మైనాన్ని మీరే గీకి పారేస్తారు."

"గీత పోతుందా?"

"గోరు పెట్టి అడ్డంగా లాగండి. గోరు ఆగిందా, లోతుగా తెగింది, మా డబ్బాలకి లొంగదు. ఆగలేదా, పైపైన అంటుకున్న మరకే. పావుగంట పని."

మైనంలో మళ్ళీ మూడు రకాలు. చిమ్మేది, పోసేది, గట్టిగా ముద్దలా ఉండేది. లైబ్రేరియన్ మూడూ చేతిలో పెట్టుకుని తూచి, బరువుగా ఉన్న ముద్దమైనం తీసుకున్నాడు. బరువున్న పుస్తకంలో విషయం ఉంటుందని అతని నమ్మకం. "అది రెక్కల్లో సత్తువున్నవాళ్ళకి సార్" అన్నాడు కొట్టాయన. అతను దాన్ని పొగడ్త అనుకున్నాడు.

ఇంటికొచ్చి, ఊపిరి బిగబట్టి గీత మీద గోరు లాగాడు. గోరు ఆగలేదు. మెత్తటి గుడ్డ మీద కాస్త పాలిష్ వేసి, చిన్నచిన్న చుట్లుగా రుద్దాడు. అయిదు నిమిషాల్లో గీత సగమైంది, పది నిమిషాల్లో మాయమైంది. జీవితంలో మొదటిసారి తన చేత్తో ఒక వస్తువు బాగుపడింది. అతనికి కళ్ళు చెమర్చాయంటే అబద్ధం కాదు.

ఆ ఆనందంలో గుడ్డ తిప్పి చూశాడు. గుడ్డంతా ఎర్రగా ఉంది.

"ఇదిగో, ఇలా రా" అని భార్యను పిలిచాడు నీరసంగా. "గీత పోయింది. దాని వెనకే కారు కూడా పోతోంది."

పైవాటాలో ఉండే వడ్రంగి, మెట్లమీద కూర్చుని పేపరు చదువుతున్నవాడు, మెడ సాచి చూశాడు. "ఏం కాదు సార్. పాతకాలం రంగు. ఇప్పటి బళ్ళలా దానిపైన గాజుపొర ఉండదు. రుద్దితే మాసిన రంగు కొంచెం గుడ్డకి అంటుతుంది, అంతే. నేను రోజూ చూసేదే." కిందికి దిగి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని తలుపును చూశాడు. "అయినా ఇదేం పని సార్? బీరువాకి ఒక్క సొరుగే పాలిష్ పెడతారా ఎవరన్నా?"

అప్పుడు చూశారు మొగుడూ పెళ్ళాలు. ఎడమ తలుపు మధ్యలో పళ్ళెమంత మేర అద్దంలా మెరుస్తోంది. దాని చుట్టూ పద్దెనిమిదేళ్ళ కారు పద్దెనిమిదేళ్ళ కారులాగే ఉంది. ఇంతకుముందు గీత ఉందని దగ్గరికొస్తేగాని తెలిసేది కాదు. ఇప్పుడు ఇక్కడేదో జరిగిందని వీధి చివరినుంచి కూడా తెలుస్తోంది.

"తలుపంతా చేసేద్దాం" అన్నాడు లైబ్రేరియన్.

తలుపంతా చేశాక ముందు తలుపు మురికిగా కనబడింది. ముందు తలుపు చేశాక బానెట్టు దుమ్ముపట్టినట్టు తోచింది. పదకొండు అయ్యేసరికి ఎడమవైపు కారు వేరు, కుడివైపు కారు వేరు అన్నట్టు తయారైంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే ఇక్కడ కడిగిన కాలివల్ల రెండోకాలు కూడా కడగాల్సి వచ్చింది.

వడ్రంగి చొక్కా చేతులు మడిచి కుడివైపు పట్టాడు. అతనిది కర్ర మీద చేయి. ఈ కొసనుంచి ఆ కొసదాకా బారుగా లాగుతున్నాడు. ఎదురింటి గేటు దగ్గర మొక్కలకు నీళ్ళు పోస్తున్న పళ్ళ డాక్టరమ్మ అది కాసేపు ఓర్చుకుంది. తర్వాత గొట్టం కింద పడేసి వచ్చేసింది.

"అలా లాగితే చారలు పడతాయండీ. చిన్నచిన్న చుట్లు తిప్పాలి, బరువు వేయకూడదు. నేను రోజుకి ముప్పైమంది పళ్ళు పాలిష్ చేస్తాను, నాకు తెలియదా?"

"పన్ను వేలెడుండదు డాక్టరమ్మా. ఇది మంచమంత ఉంది. చుట్లు తిప్పుతూ కూచుంటే మీ అమ్మాయి పెళ్ళినాటికి గాని తెమలదు ఇది" అన్నాడు వడ్రంగి.

"కారుకి చెక్కలాగా నారపోగులుంటాయా, బారుగా లాగడానికి?"

"పన్నులాగా పుచ్చిపోయిందా, చుట్లు తిప్పడానికి?"

చివరికి కుడివైపు వడ్రంగికి, ఎడమవైపు మిగిలినదంతా డాక్టరమ్మకి అని ఒప్పందమైంది. కప్పు ఎవరిదో తేలక లైబ్రేరియన్ చేతికొచ్చింది. ఇద్దరూ పోటీపడి రుద్దుతున్నారు. ఇంత హడావిడి ఎందుకొచ్చిందని ఇద్దరూ అడిగారు కూడా. చెప్పకుండా సాయం తీసుకోవడం బాగుండదని, అతను గొంతు తగ్గించి గీత సంగతి, ఫోను సంగతి, గడియారం సంగతి అన్నీ చెప్పాడు.

"మా అత్తగారు అడిగినా, ఎవరడిగినా, గీత అనేమాట మీ నోట రాకూడదు. ఇప్పుడు లేదు, ఎప్పుడూ లేదు. మాటివ్వండి."

"నా నోట్లో ఉలి పెట్టి తవ్వినా రాదు సార్" అన్నాడు వడ్రంగి. అతనికి ఆ క్షణంలో కారు తనదే అన్నంత పట్టుదల వచ్చింది.

"నా కుర్చీలో కూర్చుని జనం ఎన్నో చెబుతారు. అన్నీ నా కడుపులోనే ఉన్నాయి" అంది డాక్టరమ్మ. తర్వాత ఆలోచించి, "నోరు తెరుచుకుని ఎలా చెబుతారని అడక్కండి" అంది.

పన్నెండున్నరకి పాలిష్ అయింది. ఇక మైనం. ముద్దమైనం డబ్బా మీద రాసినదంతా లైబ్రేరియన్ రెండుసార్లు చదివి వినిపించాడు. నీడలో పూయాలి. పలచగా పూయాలి. ఒక్కో భాగం పూసి, తుడిచి, తర్వాతి భాగానికి వెళ్ళాలి. అందరూ తలలూపారు. పొద్దున్న కారు ఉన్నది నీడలోనే. అయితే నీడ డబ్బా మీద రాసింది చదువుకోలేదు. భోజనాలు చేసి వచ్చేసరికి అది మెల్లగా గోడ ఎక్కి అవతలికి పోయింది. పోటీలో ఉన్నవాళ్ళు అది గమనించలేదు. నేను ముందంటే నేను ముందని, ఒకరు కుడినుంచి ఒకరు ఎడమనుంచి, దట్టంగా పూసుకుంటూ వచ్చి బానెట్టు మీద కలుసుకున్నారు.

ఎండకి కాలిన రేకు మీద మైనం పది నిమిషాల్లో గట్టిపడింది. తుడవబోతే గుడ్డ జారిపోతోంది గాని మైనం కదలడం లేదు. ముదురెరుపు కారు కాస్తా సున్నం కొట్టిన గోడలా తెల్లగా నిలబడింది. అప్పుడు రెండున్నర.

"ఒక జానెడు తెలుపు పోగొట్టబోయి మొత్తం తెల్లగా చేశారు" అంది భార్య.

వడ్రంగి ఉలి తెస్తానన్నాడు. డాక్టరమ్మ తన దగ్గర సన్నటి పనిముట్లున్నాయంది. లైబ్రేరియన్ డబ్బా తిప్పి, మళ్ళీ మొదటినుంచి చదవసాగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. మధ్యలో డబ్బా కింద పెట్టేశాడు. "బస్సు పాసు వచ్చే నెలకి కూడా కట్టేస్తాను" అన్నాడు నెమ్మదిగా.

ఆ మాటకి భార్య మనసు కరిగింది. కొంగు బిగించి బానెట్టు దగ్గరికి వచ్చి, వేలితో గీరి, వాసన చూసింది. "ఎండిపోయిన గోళ్ళరంగు ఎలా తీస్తానో తెలుసా? దానిమీదే కొత్తరంగు వేసి, తడి ఆరకముందే తుడిచేస్తాను. కిందది కూడా మెత్తబడి వచ్చేస్తుంది. ముందు ఇక్కడ నీడ చేయండి."

మంచం మీది కొత్త దుప్పటి వచ్చి గేటుకీ కిటికీకీ మధ్య పందిరైంది. ఎండిన మైనం మీద గోరంత కొత్తమైనం పూసి, ఆమె వెంటనే తుడిచింది. తెల్లపొర కింద ఎరుపు కనబడింది. అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత గంటసేపూ కారు చుట్టూ నలుగురూ ఊపిరి సలపకుండా పనిచేశారు. పాతగుడ్డలైపోయాయి, తువ్వాళ్ళైపోయాయి, లైబ్రేరియన్ బనీన్లు ఒక్కొక్కటే బీరువాలోంచి బయటికొచ్చాయి.

"రేపటికి మీకు బనీను లేదు" అని లోపలినుంచి కేకేసింది భార్య.

"రేపటికి కారుంటుంది" అన్నాడు లైబ్రేరియన్, కప్పు తుడుస్తూ.

నాలుగింటికి పది నిమిషాలుందనగా పని పూర్తయింది. దుప్పటి తీసేశారు. ఆ మెరుపు చూసి నలుగురికీ నవ్వాగలేదు. డాక్టరమ్మ తలుపులో చూసుకుని జుట్టు సర్దుకుంది. వడ్రంగి తన వైపే ఎక్కువ మెరుస్తోందన్నాడు, నిజానికి ఎవరి వైపేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. లైబ్రేరియన్ ముఖం కడుక్కుని, బుద్ధిమంతుడి ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. టాక్సీ వచ్చి ఆగింది.

అత్తగారు దిగారు. వెనక రెండు సంచులతో మామగారు దిగారు. ఆవిడ కూతుర్ని పలకరించలేదు, అల్లుడి ముఖం చూడలేదు. నేరుగా నడిచి ఎడమ వెనక తలుపు దగ్గరికి వెళ్ళారు. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని వంగారు. తలుపు మీద అరచేయి ఆనించి, ఈ కొసనుంచి ఆ కొసదాకా తడిమారు.

లైబ్రేరియన్ భార్యవైపు చూశాడు. అన్ని తలుపులుండగా ఆవిడకి ఈ తలుపే ఎలా తెలిసింది?

"ఇక్కడ ఒక గీత ఉండాలే" అన్నారు అత్తగారు.

"గీతా? అబ్బే, లేదండీ అత్తయ్యగారూ. ఎప్పుడూ లేదు."

"నిజం చెప్పు బాబూ."

"కావాలంటే వీళ్ళనడగండి."

ఆవిడ తిరిగి చూశారు. "లేదమ్మా, పొద్దున్నించీ ఇక్కడే ఉన్నాను" అన్నాడు వడ్రంగి. "నేనూ ఎడమవైపంతా దగ్గరగా చూశానండీ. ఏమీ లేదు" అంది డాక్టరమ్మ.

అత్తగారు వెళ్ళి మెట్టు మీద కూర్చున్నారు. తర్వాత పెద్దగా నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ అలా నవ్వగా అల్లుడు ఎప్పుడూ చూడలేదు.

"పది రోజులుగా నాకు నిద్రలేదురా నాయనా. ఊరెళ్ళే ముందురోజు బండి వెనక్కి తీస్తుంటే మా గేటు రాసుకున్నట్టు చప్పుడైంది. దిగి చూస్తే తెల్లగా గీత కనబడింది. రెండోసారి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఎవరూ చూడకుండా మీ గోడవైపు తిప్పి పెట్టిపోయాను. ఇక నా చూపు పోయింది, చేయి తప్పుతోంది, ముసలిదాన్నయిపోయాను, కారు మీకిచ్చేసి ఇంట్లో కూర్చోవాలి అనుకున్నాను. కాగితాల మీద సంతకం కూడా పెట్టి తెచ్చాను." సంచిలోంచి ఒక కవరు తీసి చూపించి, చక్కగా మడిచి మళ్ళీ లోపల పెట్టేశారు. "గీతే లేదు. నేను గీకనే లేదు. అంతా నా భ్రమ. ఇంక కారెందుకిస్తాను? ఎలా మెరుస్తోందో చూడు, ఇంకో పదేళ్ళు వస్తుంది."

కవరు సంచిలోకి పోవడం లైబ్రేరియన్ కళ్ళారా చూశాడు. రెండు బస్సులూ కళ్ళముందు కదిలాయి.

"అత్తయ్యగారూ, గీత ఉండేదండీ" అన్నాడు గబగబా. "జానెడుండేది. నేనే రుద్ది తీసేశాను, పొద్దున్న."

"నువ్వా?" అన్నారు అత్తగారు, ఎంతో ప్రేమగా. "నన్ను ముసలిదాన్ని చేసి కారు కొట్టేద్దామనా? గడియారానికి కీ ఇవ్వలేనివాడివి, కారు గీత తీస్తావా? తీస్తే తలుపు ఊడొచ్చేది."

"నిజమండీ. వీళ్ళనడగండి. వీళ్ళకి తెలుసు." అతను వడ్రంగివైపు తిరిగాడు. "చెప్పవయ్యా, ఉన్నదని చెప్పు."

వడ్రంగి అతనివైపు జాలిగా చూశాడు. సార్ భయంతో తడబడుతున్నాడని అతనికి అర్థమైంది. "లేదు సార్" అన్నాడు దృఢంగా. "నన్ను తవ్వినా అదే మాట."

"డాక్టరమ్మా, మీరైనా..."

"ఎప్పుడూ లేదండీ" అంది డాక్టరమ్మ, మాట నిలబెట్టుకున్న మనిషి తృప్తితో.

ఇక మిగిలింది భార్య. లైబ్రేరియన్ ఆమెవైపు చూశాడు. కారు రావాలని అతనికంటే ఎక్కువ కోరుకున్నది ఆమె. రోజూ అతను ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా కుర్చీలో కూలబడటం చూసేది ఆమె. ఆమె నోరు తెరిచి, తల్లివైపు చూసింది. మెట్టు మీద కూర్చున్న ఆ మనిషి ముఖంలో పదిరోజుల దిగులు కడిగేసినట్టు పోయింది. ఆవిడకి ఒక్కసారిగా పదేళ్ళు తగ్గాయి.

"గీతేమిటమ్మా" అంది కూతురు. "నీ చేయి ఎప్పుడైనా తప్పిందా?"

ఆ మాటతో లైబ్రేరియన్ కూడా ఊరుకున్నాడు. ఆశ్చర్యం ఏమిటంటే, కాసేపటికి అతనికీ నవ్వొచ్చింది. కారు రాకపోతే పోయింది, ఇంతమందిని ఇంత సంతోషపెట్టిన రోజు అతని తొమ్మిదేళ్ళ అల్లుడరికంలో ఇంకొకటి లేదు. అందరూ నవ్వుతున్నారు, ఒక్క మామగారు తప్ప. ఆయన సంచులు కింద పెట్టి, మెల్లగా అల్లుడి పక్కకి వచ్చి నిలబడ్డారు.

"ఆ చప్పుడైనప్పుడు పక్కసీట్లో నేనున్నాను బాబూ" అన్నారు వినబడీ వినబడకుండా. "ఆవిడ గుద్దింది ఆ గేటు ఒక్కదాన్నే అనుకుంటున్నావు నువ్వు. పద్దెనిమిదేళ్ళనుంచి ఎదురుచూస్తున్నానయ్యా ఆవిడ ఆ తాళంచెవి కింద పెడుతుందని. ఎంత పని చేశావు."

"తాళంచెవి ఇలా ఇవ్వు బాబూ" అన్నారు అత్తగారు హుషారుగా లేస్తూ. "అందరూ ఎక్కండి, ఒక చుట్టు తిరిగొద్దాం."

మామగారు వెళ్ళి గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, అదీ చాలదనుకున్నారో ఏమో, పక్కనున్న పూలకుండీలు నాలుగూ ఒక్కొక్కటే ఎత్తి లోపల పెట్టి వచ్చి, బెల్టు బిగించుకున్నారు.